పిల్లల్లో గుండెదడ - తావీజుతో పాటు వైద్యమూ

పరీక్ష హాల్లోనో బస్సులోనో పిల్లలకు ఉన్నట్టుండి గుండెదడ, ఊపిరాడకపోవడం, ప్రాణం పోతోందన్న భయం. ఇసిజిలో లోపం కనిపించదు. నజర్ తగిలిందని తావీజు కడతాం. మళ్లీ వస్తుందేమోనని పిల్లలు చదువే మానేస్తారు. ఇది పానిక్ డిజార్డర్.

ఈ దడ సాధారణంగా 10 నిమిషాల్లో ముదిరి, దానంతటదే తగ్గుతుంది. చచ్చిపోతున్నానన్న ఆలోచనే దాన్ని పెంచుతుంది. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో మెట్లెక్కించి, వేగంగా ఊపిరి తీయించి అదే దడ తెప్పిస్తారు. ప్రాణాపాయం లేదని పిల్లలే తెలుసుకుంటారు. మానేసిన బస్సు, బడి ఒక్కొక్కటీ మళ్లీ అలవాటు చేస్తారు.

అందుకు వారం వారం రావాలి. మిర్చి కోతల్లో కూలి వదులుకుని పల్లె నుంచి గుంటూరు రావడం తల్లికి భారం. మీ సదఖాలో కొంత ఆ ప్రయాణాలకు ఇవ్వాలని కోరుతున్నాం. సలహాకు టెలి మానస్ 14416, ఉచితం. దుఆ చేద్దాం, వైద్యమూ చేయిద్దాం.