20 అంచెల్లో 10 లక్షల కూడికలు

10,48,576 సంఖ్యల మొత్తం కావాలంటే 10,48,575 కూడికలు తప్పవు. ఒక్క ప్రాసెసరే ఉంటే వాటిని వరసగా చేసుకుంటూ పోవాలి. కావలసినన్ని ప్రాసెసర్లుంటే సంఖ్యలను జతలు జతలుగా ఒకేసారి కూడొచ్చు. మొదటి అంచె దాటేసరికి 5,24,288 మిగులుతాయి, రెండోదానికి 2,62,144. ఇలా 20 అంచెల్లో మొత్తం తేలుతుంది. అయినా చేసిన కూడికలు అన్నే. వాటి సంఖ్యను పని అందాం, అంచెల సంఖ్యను లోతు అందాం.

అర్రేలతో నడిచే ఫంక్షనల్ భాషల్లో ఈ రెండిటినీ ప్రోగ్రాం చూసే లెక్కగట్టొచ్చు. ప్రతి అంశం మీదా ఒకే ఫంక్షన్‌ను నడిపేది మ్యాప్, అన్నిటినీ కలిపి ఒకే విలువ చేసేది రెడ్యూస్, ఎక్కడికక్కడ అప్పటిదాకా వచ్చిన మొత్తాన్ని ఇచ్చేది స్కాన్. ఫంక్షన్ బయటి విలువలను ముట్టుకోదు కనుక ఏ ప్రాసెసర్ ముందు ముగించినా జవాబు మారదు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో గై బ్లెలాక్ 1990ల తొలినాళ్లలో రూపొందించిన నెస్ల్, పని–లోతుల లెక్కను భాషలో భాగం చేసింది. నా దృష్టిలో ఆ భాష ఇచ్చిన గొప్ప కానుక అదే.

లోతు ఒక్కటే చూసి మురిసిపోతే దెబ్బతింటాం. 5 2 4 1 3 6 2 7 మీద స్కాన్ నడుపుదాం. డానియల్ హిల్లిస్, గై స్టీల్ 1986లో వివరించిన పద్ధతిలో ప్రతి సంఖ్యకూ ముందు ఒక స్థానం వెనకున్నదాన్ని కలపాలి:

5 7 6 5 4 9 8 9

తర్వాత రెండు స్థానాల వెనకున్నదాన్ని:

5 7 11 12 10 14 12 18

ఆపైన నాలుగు స్థానాల వెనకున్నదాన్ని:

5 7 11 12 15 21 23 30

మూడంచెల్లో అయిపోయింది. కానీ కూడికలు 7 + 6 + 4, అంటే 17. వరసగా చేస్తే ఏడే.

మన 10,48,576 సంఖ్యలకు ఈ పద్ధతిలో లోతు 20, పని మాత్రం 1.99 కోట్ల కూడికలు. 8 ప్రాసెసర్లకు పంచినా ఒక్కోదానికి దాదాపు 25 లక్షలు పడతాయి. ఒంటరి ప్రాసెసర్ వరసగా చేసుకుంటే 10.5 లక్షలతో బయటపడుతుంది! చెట్టులా కిందినుంచి పైకి మొత్తాలు కట్టి, మళ్లీ పైనుంచి కిందికి పంచే పద్ధతిలో లోతు సుమారు 40. పని మాత్రం 21 లక్షలకు దిగుతుంది, 8 ప్రాసెసర్లలో ఒక్కోదాని వంతు 2.6 లక్షలు. లోతు రెట్టింపైనా ఇక్కడ గెలిచేది ఇదే.

భాష చూసుకోని బాధ్యత ఒకటుంది. రెడ్యూస్‌కు ఇచ్చే క్రియ ఎలా జతకట్టినా ఒకే ఫలితమివ్వాలి. తీసివేత అలా ఇవ్వదు: (9−4)−2 అంటే 3, 9−(4−2) అంటే 7. కోపెన్‌హాగెన్ యూనివర్సిటీలో పుట్టిన ఫ్యూథార్క్ కంపైలర్ కూడా దీన్ని తనిఖీ చేయదు, ప్రోగ్రామరే చూసుకోవాలి. దశాంశాల కూడికా పూర్తిగా నమ్మదగింది కాదు. 64 బిట్ల లెక్కలో (0.1+0.2)+0.3 చేస్తే 0.6000000000000001 వస్తుంది, 0.1+(0.2+0.3) చేస్తే 0.6. అందుకే సమాంతరంగా వచ్చిన మొత్తాన్ని వరసగా వచ్చినదానితో పోల్చే పరీక్షలో అచ్చంగా సమానమా అని అడగకూడదు, తేడా ఎంతవరకు చెల్లుతుందో ముందే రాసిపెట్టుకోవాలి.