వీర్యంలో కణాలు లేనప్పుడు

పుదూరు, కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు మన ఇళ్ళలో పెళ్ళై రెండు మూడేళ్ళకు బిడ్డ పుట్టకపోతే ముందు కోడలిని డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోతారు. స్కాన్లు ఆమెకే, మందులు ఆమెకే, మొక్కులు ఆమెకే. కొడుకు మాట ఎవరూ ఎత్తరు. పైగా రెండో సంబంధం ఊసు కూడా వినబడుతుంది. అందుకని ఈ పూట మగవాళ్ళ సంగతే చెప్పుకుందాం.

సుమారు నూరుమంది మగవాళ్ళలో ఒకరికి వీర్యంలో కణాలు అసలే ఉండవు. దీన్ని అజూస్పెర్మియా అంటారు. మగతనానికీ దీనికీ ముడిపెట్టకండి. దాంపత్యంలో ఏ లోటూ లేనివారికీ ఇది ఉండవచ్చు. వీర్యం మామూలుగానే కనిపిస్తుంది కూడా. అందులో ఎక్కువ భాగం వీర్యకోశాలలోనూ, ప్రోస్టేట్ గ్రంథిలోనూ ఊరే ద్రవమే. కణాల వాటా చాలా కొద్ది. కంటితో చూసి ఎవరూ చెప్పలేరు, సూక్ష్మదర్శినిలో చూడాల్సిందే.

రెండు నుంచి ఏడు రోజులు కలయిక మాని నమూనా ఇవ్వాలి. సున్నా అని రాసిన ఒక్క రిపోర్టుతో బెంబేలు పడవద్దు. మరోసారి చేయించండి. వీర్యాన్ని వేగంగా తిప్పే యంత్రంలో పెట్టి, అడుగున చేరినదాన్ని కూడా వెదికారా అని అడగండి.

రెండోసారీ సున్నాయే వస్తే, బావిలో ఊట లేదా, కాలువ పూడిందా అన్నది తేల్చాలి. వృషణాలను చేత్తో పరీక్షించి, రక్తంలో ఎఫ్.ఎస్.హెచ్. అనే హార్మోను చూస్తే చాలావరకు తెలుస్తుంది.

కాలువ పూడటానికి పాత ఇన్ఫెక్షన్, హెర్నియా ఆపరేషన్‌లో తగిలిన దెబ్బ కారణం కావచ్చు. కొందరికి శుక్రవాహికలు పుట్టుకతోనే ఉండవు. అలాంటివారిలో చాలామందికి సి.ఎఫ్.టి.ఆర్. అనే జన్యువులో లోపం ఉంటుంది. మేనరికం చేసుకున్నవాళ్ళు ఇక్కడ చెవి ఒగ్గి వినాలి. భార్య కూడా ఆ కుటుంబపు పిల్లే గనుక ఆమెలోనూ అదే లోపం దాగి ఉండే అవకాశం ఎక్కువ. బిడ్డ కోసం చికిత్స మొదలుపెట్టే ముందే ఇద్దరికీ జన్యుపరీక్ష చేయించాలి.

ఊటే లేకపోవడానికి కారణాలు వేరు. యుక్తవయసులో గవదబిళ్ళలు వచ్చి వృషణాలు వాయడం, చిన్నప్పుడు అవి సంచిలోకి దిగకపోవడం, ఎక్స్ క్రోమోజోము ఒకటి అదనంగా ఉండటం, ఇలా. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు 340 మంది ఇలాంటి భారతీయ పురుషులను పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించారు. వారిలో నూటికి ఎనిమిదిన్నర మందికి వై క్రోమోజోములో ముక్కలు లోపించాయి. అది తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించగలదు. ఇక కండలు పెంచడానికి వేసుకునే టెస్టోస్టెరోన్ సూదులు ఉన్న ఊటనే ఆపేస్తాయి. డాక్టరు సలహాతో మానేస్తే చాలామందికి కొన్ని నెలల్లో తిరిగి మొదలవుతుంది.

పూడిక ఉన్నవారికి ఆపరేషన్‌తో దారి తెరవవచ్చు, లేదా వృషణం నుంచే కణాలను తీయవచ్చు. 1992లో బ్రసెల్స్ వైద్యులు ప్రకటించిన ఇక్సీ పద్ధతిలో ఒక్కో అండానికి ఒక్క కణం చాలు. ఊట లేనివారిలోనూ కొందరికి వృషణంలో అక్కడక్కడా కణాలు దొరుకుతాయి, అందరికీ కాదు. ఖర్చు తక్కువేమీ కాదు గనుక, కారణం తేలకుండా డబ్బు కట్టకండి.

ఆసుపత్రికి భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్ళండి. చిన్ననాటి ఆపరేషన్లు, జబ్బులు, వాడిన సూదులు అన్నీ మొదటి రోజే డాక్టరుతో చెప్పండి. పాత చీటీలుంటే వెంట తీసుకుపోండి.