బడిలో ప్రవేశించిన అనుమానం

నేరం రుజువు కావడానికి సాక్ష్యం కావలెను. అనుమానం పుట్టడానికి ఏమియు అక్కరలేదు. చదివిన పుస్తకం, వెళ్ళిన సభ, చందా ఇచ్చిన సంఘం, వీటిలో ఏదైనా చాలును. ఆ అనుమానమే తీర్పు చెప్పే పీఠమెక్కినప్పుడు మొట్టమొదట పోయేది సామాన్యుని జీవనోపాధి.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన వెంటనే అమెరికాకు, సోవియట్ యూనియన్‌కు నడుమ వైరం ముదిరినది. కమ్యూనిజం పట్ల భయం అమెరికాను ఆవరించినది. 1947 మార్చి 21న అధ్యక్షుడు ట్రూమన్ కేంద్ర ప్రభుత్వోద్యోగుల విధేయతను విచారించవలసిందిగా ఉత్తర్వు చేసినారు. ఫిర్యాదు చేసినవారెవరో నిందితునికి తెలియజేయకుండానే విచారణ సాగవచ్చును. దేశరహస్యాలను పరులకు చేరవేసేవారిని పట్టుకొనవలసినదే. కాని ఎవరు నింద మోపినారో తెలియనివాడు ఆ నిందకు ఏమని బదులు చెప్పగలడు?

ఈ భయం పాఠశాలలకు కూడా ప్రాకినది. 1949లో న్యూయార్క్ రాష్ట్రం ఫైన్‌బర్గ్ చట్టం చేసినది. బలప్రయోగంతో ప్రభుత్వాన్ని కూలద్రోయాలని ప్రబోధించే సంఘాల జాబితాను విద్యాపాలకమండలి తయారుచేయవలెను. అందులోని సంఘంలో సభ్యత్వమున్నదంటే, ఉపాధ్యాయుడు అనర్హుడనడానికి అదే ప్రాథమిక సాక్ష్యం. న్యూయార్క్ నగరంలో ఆ కాలాన వందలాది ఉపాధ్యాయులు బరతరఫు అయినారు, లేదా తామే తప్పుకొన్నారు. తరగతిలో వారేమి బోధించినారన్న దానికన్న, బడి వెలుపల ఎవరితో కలిసి తిరిగినారన్నదే అధికారులకు ముఖ్యమైనది.

1952లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించినది. భిన్నాభిప్రాయం వ్రాసిన న్యాయమూర్తి డగ్లస్ మాత్రం, ఇటువంటి చట్టం ప్రధానోపాధ్యాయులను అపరాధపరిశోధకులుగాను, విద్యార్థులను, తల్లిదండ్రులను వేగులవారుగాను మార్చివేయునని హెచ్చరించినారు. తరువాత బఫెలో విశ్వవిద్యాలయంలో కీషియన్ అనే ఆంగ్లోపన్యాసకుడు, మరికొందరు సహోద్యోగులు, తాము కమ్యూనిస్టులము కామని ధ్రువపత్రం వ్రాసి ఇయ్యడానికి నిరాకరించి న్యాయస్థానానికెక్కినారు. 1967లో అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరొకవైపు నిలువగా, కేవల సభ్యత్వం బరతరఫుకు చాలదని తీర్పు వచ్చినది. 1952 నాటి తీర్పు తొలగడానికి పదిహేనేళ్ళు పట్టినది.

ఈ ఉపద్రవం అమెరికాకే పరిమితం కాలేదు. మన దేశంలో 1949లో జాతీయ భద్రత పేరిట రైల్వే ఉద్యోగులకు ప్రత్యేక నిబంధనలు ఏర్పడినవి. వాటి క్రింద, కమ్యూనిస్టు పార్టీవారని, విద్రోహచర్యలలో పాల్గొన్నారని ఆరోపణకు గురియై ఉద్యోగాలు పోగొట్టుకొన్నవారు సుప్రీంకోర్టుకు వెళ్ళినారు. బాలకోటయ్య పేరిట నడిచిన ఆ వ్యాజ్యంలో 1957లో వారు ఓడిపోయినారు. పార్టీలో చేరే హక్కు పౌరునికున్నది గాని, ప్రభుత్వ కొలువులో కొనసాగే ప్రాథమిక హక్కు లేదని న్యాయస్థానం భావించినది.

1983లో మరొక వ్యాజ్యం వచ్చినది. మధ్యప్రదేశ్‌లో ఒక ఉపాధ్యాయుడు పూర్వం రాష్ట్రీయ స్వయంసేవక సంఘం, జనసంఘం కార్యక్రమాలలో పాల్గొన్నాడని పోలీసు నివేదిక రాగా ప్రభుత్వం ఉద్యోగం తొలగించినది. ఈసారి సుప్రీంకోర్టు ఉపాధ్యాయుని పక్షాన నిలిచినది. ఆ తీర్పు వ్రాసినవారు తెలుగువారైన న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి. ఉద్యోగార్థుల రాజకీయ విశ్వాసంపై పోలీసు నివేదిక కోరడమే ప్రాథమిక హక్కులకు గొడ్డలిపెట్టని ఆయన భావించినారు. అమెరికాలోని ఆ భయంకరదశను కూడ స్మరించినారు.

న్యూయార్క్‌లో ఉద్యోగాలు పోయినవారు వామపక్షీయులు. మధ్యప్రదేశ్ ఉపాధ్యాయుడు అందుకు పూర్తిగా ఎదుటిపక్షం. ఒకరికి చెల్లవలసిన న్యాయమే మరొకరికిని చెల్లవలెను. మనకు గిట్టని అభిప్రాయం గలవాని అన్నం లాగివేయుటను మనం మౌనంగా చూచినచో, రేపు మన వంతు వచ్చినప్పుడు అడ్డుపడే న్యాయం మిగిలియుండదు. ప్రశ్నించడానికి గురువే భయపడే తరగతిలో శిష్యుడు నేర్చుకొనేది ఆ భయమొక్కటే.