ఈ వయసులో ఆటలేమిటంటారా?

“వదినగారూ, కాస్త పంచదార ఉందా?” అంటూ పక్కింటావిడ లోపలికి రావడంతోనే కంప్యూటరు మీద చటుక్కున కరెంటు బిల్లు పేజీ తెరిచాను. “అబ్బో! రిటైరయ్యాక కూడా లెక్కలేనా?” అని మెచ్చుకుని, పంచదార పట్టుకుని వెళ్లిపోయింది. ఆవిడ గేటు దాటాక నాకు నవ్వొచ్చింది. వెంటనే సిగ్గూ వేసింది. నేను చేస్తున్నది లెక్కలూ కాదు, గిక్కలూ కాదు. పేకముక్కల ఆట! అరవై రెండేళ్ల మనిషిని, జీళ్లు దొంగిలించిన పిల్లలా అలా దాచుకోవడం దేనికి?

మావారు పొద్దస్తమానం టీవీలో క్రికెట్టు చూస్తారు. ఎవరొచ్చినా కుర్చీలోంచి లేవరు. అది కాలక్షేపం! అదే ఇల్లాలు అరగంట ఆటాడితే ‘పనీపాటా లేని మనిషి’. అందుకే ఈసారి దాచకుండా చెప్పేద్దామనుకున్నాను. దగ్గర దగ్గర ముప్ఫై ఏళ్ల నుంచీ కంప్యూటరు ఆటలు ఆడుతున్నాను. అన్నీ నచ్చలేదు. కొన్ని నేర్పాయి, కొన్ని నవ్వించాయి, ఒకటి మాత్రం ఏడిపించింది.

మౌసును మచ్చిక చేసిన ముక్కలు

నేను బ్యాంకులో గుమాస్తాగా పనిచేసేదాన్ని. 1996లో మా బ్రాంచికి కంప్యూటర్లు వచ్చాయి. ఉద్యోగాలు ఊడతాయని కొందరు, కళ్లు పోతాయని కొందరు బెంబేలెత్తారు. నా భయం అంత పెద్దది కాదు. మౌసు! నేను చెయ్యి ఇటు కదిపితే బాణం గుర్తు అటు పోయేది. దాన్ని బల్ల చివరిదాకా తోసేసి “ఇక చోటు లేదండీ” అన్నాను. అందరూ గొల్లుమన్నారు. శిక్షణ ఇవ్వడానికొచ్చిన కుర్రాడొక్కడే నవ్వలేదు. “మేడమ్, భోజనాలయ్యాక రోజూ పది నిమిషాలు ఇది ఆడండి. పని దానంతటదే వస్తుంది” అని సాలిటైర్ తెరిచి చూపించాడు.

నిజంగానే వచ్చింది! ముక్కను పట్టుకుని లాగి, ఇంకో ముక్క మీద వదలడం... వారం తిరిగేసరికి మౌసు నా చెప్పుచేతల్లో ఉంది. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, ఆ ఆటను 1990లో విండోస్‌లో పెట్టినప్పుడు జనానికి మౌసు అలవాటు కావాలన్నది కూడా ఒక ఉద్దేశమేనట. రాసింది వెస్ చెర్రీ అనే శిక్షణార్థి. ఆ ముక్కలకు అందమైన బొమ్మలు వేసింది ఓ మహిళ, సూజన్ కేర్. నాకు కంప్యూటరు నేర్పిన ఆటలో ఓ స్త్రీ చెయ్యి కూడా ఉందని తెలిసినప్పుడు ఎంత మురిసిపోయానో!

మైన్‌స్వీపర్ కూడా అప్పట్లోనే ఆడాను. గడుల కింద బాంబులుంటాయి. గడి తెరిస్తే ఓ అంకె కనిపిస్తుంది. చుట్టూ ఉన్న ఎనిమిది గడుల్లో ఎన్ని బాంబులున్నాయో ఆ అంకె చెబుతుంది. పెద్ద పట్టీలో 480 గడులు, 99 బాంబులు. బ్యాంకు లెక్క సరిచూసినట్టే ఉంటుంది కాబట్టి నాకు బాగా నచ్చింది. కానీ ఒక్కోసారి అంతా సరిగ్గా చేసుకొచ్చాక చివర్లో రెండు గడులు మిగులుతాయి. బాంబు ఏ గడిలో ఉందో ఏ అంకే చెప్పదు. గుడ్డిగా నొక్కాల్సిందే. అంత కష్టపడ్డాక అదృష్టం మీద వదిలెయ్యడమేమిటి? నా దృష్టిలో ఆ ఆటకున్న లోపం అదే.

ఆ లోపం లేనిది ఫ్రీసెల్. యాభై రెండు ముక్కలూ మొదట్నుంచీ తెరిచే ఉంటాయి. దాపరికం లేదు. తప్పు చేస్తే అది మన తప్పే. విండోస్ 95లో వచ్చిన ఫ్రీసెల్‌లో 32,000 పంపకాలు ఉండేవి. మా ఆఫీసులో ఓ సహోద్యోగి “11,982వ నంబరు ఆడి చూడండి, మీ తెలివి తెలుస్తుంది” అన్నాడు. నేను వదులుతానా? రెండు వారాలు మధ్యాహ్నం టీ కూడా మానేసి ఆడాను. కలలోకి ఇస్పేటు రాజులొచ్చారు. ఆఖరికి ఓటమి ఒప్పుకుంటే ఆయన పగలబడి నవ్వాడు. ఆ 32,000లో అదొక్కటే ఎవరూ గెలవలేనిదట! ఆరోజు ఒళ్లు మండిపోయింది కానీ, తర్వాత ఆలోచిస్తే అదీ ఓ పాఠమే. మనకు చేతకాలేదనుకుని కుమిలిపోయేవాటిలో కొన్ని అసలు ఎవరికీ కానివి అయ్యుంటాయి!

చెర నుంచి విడిపించేదెవరు?

1999లో మా అబ్బాయి తొమ్మిదో తరగతిలో ఉండగా ఇంటికి పాత కంప్యూటరు కొన్నాం. చదువు కోసమని! వాడు దాని మీద చదివిందెంతో తెలియదుగానీ డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా, రోడ్ రాష్ మాత్రం కంఠతా పట్టాడు.

రోడ్ రాష్ చూసి నాకు గుండె దడ పుట్టింది. మోటారు సైకిలు మీద పోతూ పక్కవాణ్ణి తన్నడం, గొలుసుతో కొట్టడం... పైగా పోలీసులకు దొరక్కుండా పారిపోవాలి! “ఇదేం ఆటరా?” అని కేకలేశాను. అయితే ఓ నిజం ఒప్పుకోవాలి. ఒకరోజు మేనేజరుగారు కౌంటర్లో అందరి ముందూ చిన్నబుచ్చితే, ఇంటికొచ్చి ఆ ఆట తెరిచి నలుగుర్ని తన్నాను. హాయిగా అనిపించింది! అయినా సరే, ఎదిగే పిల్లలకు మాత్రం ఆ ఆట వద్దనే అంటాను. నాకది ఒక్కరోజు కోపం. వాడికి రోజూ అలవాటైపోతుంది కదా!

ప్రిన్స్ ఆఫ్ పర్షియా అలా కాదు. జోర్డన్ మెక్నర్ 1989లో తెచ్చిన ఆట. తన తమ్ముడు పరిగెత్తుతుంటే, గెంతుతుంటే వీడియో తీసి, దాన్ని చూసి రాకుమారుడి నడకలు గీశాడు. అందుకే ఆ బొమ్మ అంచు పట్టుకుని వేలాడుతుంటే మన కాళ్లు వణుకుతాయి. గంటలోపు కోట దాటి రాకుమారిని విడిపించాలి. కథ మాత్రం పాతదే. ఆవిడ గదిలో కూర్చుని ఎదురుచూడాలి, ఆయన వచ్చి రక్షించాలి. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌లోనూ అంతే. ఎనిమిది లోకాలు దాటితేగానీ రాకుమారి కనబడదు. కాకపోతే పర్షియా కథలో ఓ చిన్న ముచ్చట ఉంది. రాకుమారుడు ఓ చోట దారి మూసుకుపోయి చిక్కుకుంటే, రాకుమారి చిట్టెలుకను పంపి తలుపు తెరిపిస్తుంది. “చూశావా, ఆవిడ లేకపోతే నీ హీరో అక్కడే ఉండేవాడు” అని మావాణ్ణి ఏడిపించేదాన్ని.

ఆడవాళ్లు హీరోలైన ఆటలు లేవని కాదు. 1996లో టూంబ్ రైడర్‌లో లారా క్రాఫ్ట్ వచ్చింది. తెలివి, ధైర్యం అన్నీ ఉన్నాయి. ఆ బట్టలు మాత్రం గుహల్లో తిరిగే మనిషి ఎంచుకునేవి కావు, చూసే మగపిల్లల కోసం వేసినవి! అసలు ఆడవాళ్లు ఆటలు తయారుచెయ్యడం అంతకు చాలా ముందే మొదలైంది. నది మీద విమానం నడిపే రివర్ రైడ్‌ను 1982లో తయారుచేసింది క్యారల్ షా. కింగ్స్ క్వెస్ట్ కథలల్లింది రాబర్టా విలియమ్స్. ఈ పేర్లు మన పిల్లల సామాన్య విజ్ఞానం పుస్తకాల్లో ఉంటే ఎంత బావుండును!

“నాన్నెందుకు కడగరు?”

మా అమ్మాయికి సిమ్స్ అంటే ప్రాణం. 2000లో వచ్చింది. ఓ ఇల్లు కట్టి, మనుషుల్ని పెట్టి, వాళ్లకు వేళకు తిండీ నిద్రా చూడాలి. బిల్లులు కట్టాలి. గిన్నెలు కడక్కపోతే ఈగలు ముసురుతాయి! తయారుచేసిన విల్ రైట్ 1991లో కాలిఫోర్నియాలో వచ్చిన అగ్నిప్రమాదంలో ఇల్లు పోగొట్టుకుని, మళ్లీ ఒక్కొక్క వస్తువూ కొనుక్కుంటూ ఉండగా ఇలాంటి ఆట ఊహ బలపడిందట.

“ఇంట్లో చేసేది చాలదా? తెర మీద కూడా అంట్లు తోమాలా?” అని నేను విసుక్కున్నాను. మా అమ్మాయి ఆటలోని మొగుణ్ణి చూపించింది. సింకు దగ్గర నిలబడి గిన్నెలు కడుగుతున్నాడు. “అమ్మా, వీడు కడుగుతున్నాడుగా! మనింట్లో నాన్నెందుకు కడగరు?” అంది. పక్కగదిలో పేపరు చప్పుడు ఆగిపోయింది. ఆ రాత్రి మావారు తన కంచం తానే తీసుకెళ్లి కడిగారు. ఇప్పటికీ కడుగుతున్నారు. ఇరవై ఏళ్లు నేను చెప్పలేనిది ఆట చెప్పింది. అందుకే సిమ్స్‌ను ఏమైనా అంటే ఊరుకోను!

ప్రాణాలు లెక్కపెట్టే ఆట

ఇక ఏడిపించిన ఆట సంగతి. 2016లో మా అమ్మకు తుంటి ఎముక విరిగింది. ఎనభై రెండేళ్లు. ఆపరేషనయ్యాక మా ఇంట్లోనే మంచం మీద ఉండేది. పగలు బ్యాంకు, రాత్రి అమ్మ దగ్గర కాపలా. నిద్ర రాకుండా ఉంటుందని ఫోనులో క్యాండీ క్రష్ మొదలుపెట్టాను. 2012లో వచ్చిన ఆట అది. రంగురంగుల మిఠాయిలు మూడేసి కలిపితే పగులుతాయి. అయిదు ‘ప్రాణాలు’ ఉంటాయి. ఓడినప్పుడల్లా ఒకటి పోతుంది. మళ్లీ ఒకటి రావాలంటే అరగంట ఆగాలి. ఆగలేకపోతే డబ్బు కట్టి కొనుక్కోవచ్చు. అసలు కిటుకంతా ఆ ఆగలేకపోవడంలోనే ఉంది. ఇంకొక్క ఎత్తులో గెలిచేవాళ్లమే అనిపించేలా ఓడిపోతాం. చెయ్యి మళ్లీ దాని మీదికే పోతుంది. ఒక్కసారి కాదు, చాలాసార్లు కొన్నాను. మావారికి చెప్పలేదు.

ఓ రాత్రి మంచం మీద చిన్న చప్పుడైతే తలెత్తాను. అమ్మ చెయ్యి చాపి గ్లాసు అందుకోబోతోంది. “పిలవచ్చుగా అమ్మా!” అన్నాను. “రెండుసార్లు పిలిచానే తల్లీ. నీ పనిలో ఉన్నావని ఊరుకున్నాను” అంది. నా పని! మిఠాయిలు పగలగొట్టడం! నేను తెర మీద ప్రాణాలు లెక్కపెట్టుకుంటుంటే పక్కనే ఓ ప్రాణం దాహంతో అలమటిస్తోంది. నీళ్లు తాగించి, వంటింట్లోకెళ్లి చాలాసేపు ఏడ్చాను. ఆ రాత్రే ఆట తీసేశాను.

మర్నాడు అమ్మే అడిగింది, “ఏమే, ఆ బొమ్మలాట ఆడటం లేదేం?” అని. వద్దులే అన్నాను. “నాకూ పొద్దు పోవడం లేదు. ఏదన్నా చూపించు” అంది. ఫోనులో లూడో పెట్టాను. కాసేపు ఆడి మొహం చిట్లించింది. “గవ్వల చప్పుడేదే?” అంది. అంతే! చింతగింజలు నాలుగు ఓవైపు గరుకుబండ మీద అరగదీసి, అట్టముక్క మీద గళ్లు గీశాను. మంచం మీదే అష్టాచెమ్మా! నాలుగు తెల్లగా పడితే చెమ్మా, నాలుగూ నల్లగా పడితే అష్టా. నా కాయను చంపిన ప్రతిసారీ అమ్మ కళ్లల్లో ఆ వెలుగు చూడాలి! మందులకు మారాం చేసే మనిషి “మాత్ర వేసుకుంటేనే పందెం” అంటే గుటుక్కున మింగేది. 2018లో అమ్మ వెళ్లిపోయింది. ఆ నాలుగు గింజలూ ఇప్పటికీ నా పోపుల డబ్బా పక్కనే, చిన్న డబ్బీలో ఉన్నాయి.

నా కొలబద్ద ఇదీ

ఆ తర్వాత ఆటలు మానేశానా అంటే, లేదు. ఎంచుకోవడం నేర్చుకున్నాను. టెట్రిస్ ఆడతాను. రష్యన్ శాస్త్రవేత్త అలెక్సీ పజిత్నోవ్ 1980లలో మాస్కోలో తయారుచేసిన ఆట. ఏడే ఏడు ఆకారాలు. పైనుంచి పడుతుంటే సందుల్లేకుండా పేర్చాలి. ఇరుకింట్లో సామాను సర్దే ఇల్లాలికి పుట్టుకతో వచ్చిన విద్యే! అడగడానికి డబ్బులేదు, కొనడానికి ప్రాణాల్లేవు. ఓడిపోతే ఓడిపోయినట్టే, లేచి కుక్కరు పెట్టుకోవచ్చు.

డబ్బు పెట్టి ఆడే రమ్మీలాంటివి మాత్రం ఆటలే కావంటాను. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. చట్టం సరే, ఇంట్లోవాళ్ల కళ్లు కూడా తెరిచే ఉండాలి. ఫోను పట్టుకుని గది తలుపు వేసుకునే పిల్లాణ్ణి తిట్టేముందు ఓసారి పక్కన కూర్చుని “నాకూ నేర్పరా” అనండి. ఏం ఆడుతున్నాడో, ఎందుకాడుతున్నాడో అప్పుడు తెలుస్తుంది. తలుపవతల నిలబడి తిడితే ఏమీ తెలియదు.

ఏ ఆటనైనా నేనిప్పుడు మూడు ప్రశ్నలు అడుగుతాను. ఎవరైనా పిలిస్తే వెంటనే ఆపగలనా? ఇంట్లోవాళ్లకు చెప్పకుండా డబ్బు అడుగుతోందా? ఆడి లేచాక మనసు తేలికపడిందా, బరువెక్కిందా? ఈ మూడింటికీ సరైన జవాబొస్తే ఇంక సిగ్గెందుకు?

మొన్న పక్కింటావిడ పంచదార తిరిగివ్వడానికి వచ్చింది. ఈసారి తెర మార్చలేదు. “ఇదేమిటి వదినా, పేకాటా?” అని బుగ్గన వేలేసుకుంది. కుర్చీ లాగి కూర్చోబెట్టాను. మౌసు చేతికిచ్చాను. బల్ల చివరిదాకా తోసేసి, “ఇక చోటు లేదు వదినా!” అంది.

నేను నవ్వలేదు సుమండీ!