రాత మాది, మాట మీది

హనుమకొండ చౌరస్తా దగ్గర నాకో డీటీపీ సెంటర్ ఉంది. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీల డిజైన్లు, పిల్లల ప్రాజెక్టు వర్కులు రోజూ ఉండే పని. వీటితో పాటు, మనసులో ఉన్నది కాగితం మీద పెట్టలేనివాళ్లకు రాసి కూడా ఇస్తాను. రిటైర్‌మెంట్ సభలో చదివే సన్మాన పత్రం, పెళ్లిలో వధూవరులకిచ్చే పద్యాలు, సంతాప సభలో కొడుకు మాట్లాడాల్సిన నాలుగు ముక్కలు, ఆఫీసులో ఇచ్చే అర్జీ. రాయించుకునేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ బయటికి చెప్పుకోరు. ఇంకొకరు రాసిచ్చారంటే నామోషీ అనుకుంటారు. అందులో నామోషీ ఏమీ లేదు.

మన ఊళ్లోనే చూడండి. వేయి స్తంభాల గుడి శాసనం 1163 నాటిది. కాకతీయ రుద్రదేవుడు తన విజయాలనూ, గుడి కట్టించిన సంగతినీ అందులో సంస్కృతంలో చెక్కించాడు. నీతిసారం అనే గ్రంథం ఆయన రచనే అంటారు. అంతటి రాజు కూడా శాసనాన్ని అచింతేంద్రుడనే పండితుడి చేత రాయించుకున్నాడు. అందులో పొగడ్తలకు కొదవ లేదు. అయినా ఇవాళ చరిత్రకారులు దాన్ని తిరగేసేది తేదీ కోసం, ఓడిన రాజుల పేర్ల కోసం, గుడిలో ప్రతిష్ఠించిన దేవుళ్లెవరో తెలుసుకోవడం కోసం. నా దగ్గరికి వచ్చేవాళ్లనూ నేను అవే అడుగుతాను. పేర్లు చెప్పండి, ఊళ్లు చెప్పండి, జరిగింది చెప్పండి.

ఒకసారి ఆర్టీసీ డ్రైవర్ బిడ్డ ఒకామె వచ్చింది. "అన్నా, మా బాపు రిటైర్ అయితున్నడు. స్టేజీ మీద నేను మాట్లాడాలె. మంచిగ రాసియ్యుండ్రి" అన్నది.

"మీ బాపు గురించి నీకు యాదికున్నది ఒకటి చెప్పు చెల్లె."

"ఏమున్నదన్నా, డ్యూటీకి పోయెటోడు, వచ్చెటోడు."

పండుగలకు ఇంట్లో ఉండేవాడా అని అడిగితే కాసేపు ఆలోచించింది. "జాతరప్పుడైతే ఇంటి మొకమే చూడకపోయేది. మేడారం స్పెషల్ బస్సులు గదా. జనాన్ని దించుడు, మల్ల ఎక్కించుకొచ్చుడు. మా అమ్మ ఒక్కతే బెల్లం మోసుకపోయి మొక్కు చెల్లిచ్చేది. బాపు గద్దెల కాడ మొక్కంగ నేను చూసింది ఒక్కసారే."

ఇక నాకు వేరే వెతుకులాట అక్కర్లేకపోయింది. మొదటి వాక్యం అదే పెట్టాను: "మా బాపు మేడారానికి ఎంతమందిని తీస్కపోయిండో లెక్క లేదు. ఆయన గద్దెల కాడ మొక్కంగ నేను చూసింది మాత్రం ఒక్కసారే." కాగితం చదువుకుని ఆమె, "ఇది నేను చెప్పిందే గదన్నా" అన్నది. ఈ పనిలో నేను కోరుకునే మెప్పు అదే.

దీనికి పూర్తి విరుద్ధంగా ఉండేవి మన సన్మాన పత్రాలు. చాలా డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో కొట్టి దాచిన పాత ఫైలు ఒకటి ఉంటుంది. స్నేహశీలి, మృదుస్వభావి, నిరాడంబరుడు, అకుంఠిత దీక్షాపరుడు. పేరూ హోదా మార్చి ప్రింటు తీస్తే హెడ్మాస్టరుకూ సరిపోతుంది, సర్వేయరుకూ సరిపోతుంది. ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగం చేసిన మనిషి చేతిలో ఎవరికైనా సరిపోయే కాగితం పెట్టి చప్పట్లు కొట్టడం నాకు బాధ కలిగిస్తుంది. ఇప్పుడు కొందరు ఫోన్లో ఏఐ రాసిచ్చింది పట్టుకొస్తున్నారు. భాష తప్పుల్లేకుండా ఉంటుంది, మనిషి మాత్రం కనపడడు. ఆ మనిషి సంగతులు దానికి ఎవరూ చెప్పలేదు మరి.

అర్జీల సంగతి వేరు. సోమవారం ప్రజావాణికి కలెక్టరేట్‌కు వచ్చేవాళ్లలో చాలామందికి రాత రాదు. రాత వచ్చినవాళ్లకూ ఆఫీసు భాషంటే జంకు. 'దివ్య సముఖమునకు' అని మొదలుపెట్టి అర పేజీ వినయంతోనే నింపితే అసలు సమస్య కిందికి పోతుంది. ఊరు, మండలం, సర్వే నంబరు, ఏం జరిగింది, ఏం కావాలి. ఒక అర్జీలో ఒక్కటే సమస్య, ఒక్కటే పేజీ. రాశాక గట్టిగా చదివి వినిపించమని అడగండి. వినకుండా వేలిముద్ర వేయకండి.

ఇంకో మాట. కొన్నిచోట్ల రాసిపెట్టే బాధ్యత అధికారిదే. సమాచార హక్కు చట్టం, 2005లోని 6వ సెక్షన్ ప్రకారం రాయలేని మనిషి నోటితో అడిగితే, దాన్ని రాతలో పెట్టడానికి పౌర సమాచార అధికారి సాయం చేయాలి. పోలీసు స్టేషన్లోనూ అంతే. విచారణకు తీసుకోదగిన నేరం గురించి నోటితో చెప్పినా రాసుకుని, చదివి వినిపించి, సంతకం తీసుకుని, ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఇది 173వ సెక్షన్. ఈ సంగతి తెలియక పేదవాళ్లు బయట రాతకు డబ్బులు పెడుతుంటే, ఈ పనిలోనే ఉన్న నాకు మనసొప్పదు.

రాయించుకున్న ప్రసంగం ఎవరిదని కొందరు అడుగుతుంటారు. మన కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, బహిరంగంగా చేసిన ప్రసంగానికి తొలి హక్కుదారు దాన్ని చేసిన మనిషే. కాబట్టి నిశ్చింతగా మాట్లాడండి. రాసినవాళ్ల కూలి మాత్రం ఎగ్గొట్టకండి. ఫ్రేముకూ ప్రింటుకూ బేరమాడకుండా ఇచ్చేవాళ్లు కూడా రాతకు విడిగా డబ్బులా అని ఆశ్చర్యపోతారు. ఆ పత్రంలో ఎక్కువ పొద్దు పట్టేది రాతకే.

ఫంక్షన్ రేపనగా రాకండి, నాలుగు రోజుల ముందు రండి. వచ్చే ముందు ఇంట్లో పెద్దవాళ్లనూ, ఆ మనిషితో కలిసి పనిచేసినవాళ్లనూ ఒకటి రెండు సంగతులు అడిగి రండి. అయిదు నిమిషాల మాటకు రెండు పేజీలు చాలు.