ఇంటికి పంపే ముందు ఒక కొలత

దగ్గినా, తుమ్మినా, బరువెత్తినా మూత్రం జారిపోవడం కాన్పులైన స్త్రీలలో తరచుగా కనిపించే బాధ. వయసు మళ్ళితే భరించవలసిందేనని మన ఇళ్ళలో అనుకుంటారు. నిజానికి ఇది చికిత్సకు లొంగే రుగ్మత. ముందుగా కటి కండరాల వ్యాయామం చేయిస్తారు. అది చాలనప్పుడు శస్త్రచికిత్స అవసరమవుతుంది.

శస్త్రచికిత్స ఉద్దేశం మూత్రనాళానికి ఊతమివ్వడం. 1961లో జాన్ బర్చ్ వర్ణించిన పద్ధతిలో ఆ ఊతాన్ని కుట్లతో కల్పిస్తారు. మరొక పద్ధతిలో రోగి పొట్ట గోడనుండి తీసిన పట్టీని ఊయలవలె అమరుస్తారు. 1990లలో స్వీడన్ వైద్యుడు ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్ పాలీప్రొపిలీన్ పట్టీని ప్రచారంలోకి తెచ్చాడు. కొందరు స్త్రీలకు అది తీవ్రమైన బాధలు కలిగించినందున న్యూజీలాండ్ ఆరోగ్యశాఖ 2023 ఆగస్టులో, అసాధారణ సందర్భాలలో తప్ప, దాని వాడకానికి విరామం ప్రకటించింది.

పద్ధతి ఏదైనా, ఆ తరువాత ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: మూత్రాశయం తనంతట తాను ఖాళీ అవుతున్నదా? వాపువల్ల, ఊతం బిగుతువల్ల దారి ఇరుకవుతుంది. మత్తుమందు, నొప్పి మందులు సంచి నిండిన సంగతిని తెలియనివ్వవు. సాధారణంగా 400 నుండి 500 మిల్లీలీటర్లు పట్టే ఆ సంచి అతిగా సాగితే దాని కండరం నీరసించి, కోలుకోవడానికి రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు పడుతుంది.

అందుకే డిశ్చార్జికి ముందు కొలిచి చూస్తారు. ఉదాహరణకు, కేథటర్ ద్వారా 300 మిల్లీలీటర్ల సెలైన్ నింపి, గొట్టం తీసి, మూత్రవిసర్జన చేయమంటారు. 220 బయటికి వస్తే మిగిలినది 80. సాధారణంగా ఇది తృప్తికరమే. 90 మాత్రమే వస్తే ఇంకా 210 లోపలే ఉన్నట్టు. కొన్నిచోట్ల సంచి సహజంగా నిండనిచ్చి, మిగులును అల్ట్రాసౌండ్‌తో చూస్తారు. హద్దులు ఆసుపత్రినిబట్టి కొంత మారుతాయి.

ఇక్కడే మన బిడియం అడ్డువస్తుంది. కొడుకు దుభాషిగా నిలబడితే తల్లి "బాగానే అయింది" అని ముక్తసరిగా ముగిస్తుంది. మాటిమాటికీ కొద్దికొద్దిగా రావడం బాగైనందుకు గుర్తు కాకపోవచ్చు. నిండిన కుండ పొర్లడమూ అలాగే ఉంటుంది. జాన్సన్‌విల్ చేరిన తరువాత అర్ధరాత్రి మూత్రం బిగిస్తే, న్‌గౌరంగా కనుమ దిగి, నగరం దాటి, న్యూటౌన్‌లోని వెల్లింగ్టన్ ఆసుపత్రికి పరుగెత్తవలసి వస్తుంది. ఈ దేశంలో 1996 నాటి రోగుల హక్కుల నియమావళి ప్రకారం, అవసరమై, వీలైనచోట దుభాషిని కోరవచ్చు. తోడుగా ఒక స్త్రీని ఉంచుకోవచ్చు.

పరీక్షలో నెగ్గకపోతే శస్త్రచికిత్స విఫలమైనట్టు కాదు. కొన్నాళ్ళు కేథటర్‌తో ఇంటికి పంపి మళ్ళీ పరీక్షిస్తారు, లేదా సన్నని గొట్టంతో స్వయంగా ఖాళీ చేసుకోవడం నేర్పుతారు. చాలామందికి కొద్ది వారాలలోనే సర్దుకుంటుంది. సొంత కణజాలపు పట్టీ అమర్చినవారికి మరికొంత ఆలస్యం కావచ్చు.

ఇంటికి వచ్చాక వైద్యులు చెప్పినంతకాలం, సాధారణంగా ఆరు వారాలపాటు, బరువులెత్తరాదు, మలబద్ధకం కలగనీయరాదు. మూత్రం రాకున్నా, జ్వరం, మంట, అధిక రక్తస్రావం కనిపించినా తెల్లవారేదాకా ఆగక వెంటనే ఫోన్ చేయాలి. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.