కాలు మానుట వేరు, నడక వచ్చుట వేరు

విద్యార్థులారా! ఆటస్థలమునందో, గుట్టలెక్కునప్పుడో కాలికి దెబ్బ తగులుట మనకు క్రొత్త కాదు. గాయము మానినచో కాలు బాగైనదని మనము తలంతుము. కాని గాయము మానుట సగము పని మాత్రమే. తక్కిన సగము నడకను మరల నేర్చుకొనుట. ఈ సత్యమును ఒక గొప్ప వైద్యుడు తన కాలితోనే తెలిసికొనెను. ఆతని వృత్తాంతమును, అందలి శాస్త్రవిషయమును ఇచట వివరించెదను.

ఆలివర్ శాక్స్ 1933వ సంవత్సరమున లండను నగరమున జన్మించెను. ఆతని తల్లిదండ్రులిరువురును వైద్యులే. ఆతడు మెదడునకును నాడులకును సంబంధించిన వ్యాధులను పరిశీలించుటలో నిపుణుడై, న్యూయార్కు నగరమున పనిచేయుచుండెను. 1974వ సంవత్సరమున నార్వే దేశమునకు పోయి, హర్డంగర్ అను సముద్రపు పాయ ప్రాంతమున ఒక కొండను ఒంటరిగా నెక్కసాగెను. త్రోవలో ఒక గేటునొద్ద ఆబోతు కలదని హెచ్చరించు పలక యుండెను. ఎవరో పరిహాసమునకు పెట్టియుందురని తలచి ఆతడు ముందునకు సాగెను. పైన నిజముగనే ఒక పెద్ద ఆబోతు కానవచ్చెను. బెదరి, బురదతో జారుచున్న బాటవెంట క్రిందికి పరుగెత్తుచు పడిపోయెను. లేవబోగా ఎడమకాలు ఆతని మాట వినలేదు.

ఏల వినలేదు? తొడ ముందుభాగమున నాలుగు కండరముల కూటమి కలదు. అది బిగిసినప్పుడు వంగిన మోకాలు చాపబడును. ఈ కండరములను మోకాలిచిప్పకు కట్టియుంచు త్రాడువంటి దానిని స్నాయువందురు. ఆ స్నాయువు తెగినచో ఎముక విరుగకున్నను కాలు నిలువజాలదు. బరువు మోపగనే మోకాలు క్రుంగును. శాక్స్‌కు సంభవించినది ఇదియే.

దరిదాపుల మనుష్యులు లేరు. రాత్రి యైనచో ఆ కొండపై చలికి ప్రాణము నిలుచుట దుర్లభము. వైద్యుడగుటచే ఆతడు ముందుగా తన కాలిని తానే పరీక్షించుకొనెను. చేతనున్న గొడుగును బద్దగా నుంచి, తొడిగిన చలికోటును చింపి ఆ పేలికలతో కాలిని కట్టెను. పిమ్మట కూర్చుండియే, చేతులతో నేలను నెట్టుకొనుచు, పడవ నడపువానివలె క్రిందికి జారసాగెను. రష్యా దేశమున ఓల్గా నదీతీరపు నావికులు పాడుకొను పాట మనస్సున మెదలగా, దాని తాళమునకు చేతులు కదలెను. అట్లు గంటల తరబడి సాగెను. చీకటి పడుచుండగా, రెయిన్‌డీర్ అను మంచుదేశపు దుప్పిని వేటాడ వచ్చిన తండ్రికొడుకులు ఆతనిని చూచి కాపాడిరి.

లండనులో శస్త్రచికిత్స జరిగెను. తెగిన స్నాయువును కుట్టి, కాలికి పిండికట్టు వేసిరి. చికిత్స చక్కగా జరిగినది. కాని పిమ్మట ఒక వింత సంభవించెను. కాలిని కదల్పవలెనని ఎంత తలచినను కండరము బిగియదు. చూచినచో ఆ కాలు తనది కాదనియు, ఎవరిదో తెచ్చి తన ప్రక్కన పెట్టిరనియు తోచెను. శస్త్రవైద్యునితో చెప్పగా, అట్టిదేమియు లేదని ఆయన త్రోసివేసెను. రోగిగా నుండుట ఎట్టిదో ఆ వైద్యునకు అప్పుడు తెలిసివచ్చెను.

ఈ వింతకు కారణము కలదు. మన కండరములనుండియు, కీళ్లనుండియు, చర్మమునుండియు వార్తలు నాడులద్వారా అనుక్షణము మెదడునకు చేరుచుండును. అందుచేతనే కనులు మూసికొన్నను మన కాలు ఎచటనున్నదో మనకు తెలియును. నాడికి దెబ్బ తగిలినప్పుడును, కాలు బహుదినములు కదలకున్నప్పుడును ఆ వార్తలు సన్నగిల్లును. అప్పుడు మెదడులోని కాలి రూపము మాసిపోవును. పనిలేని కండరము కొలది దినములలోనే సన్నబడును కూడ.

సుమారు రెండు వారములకు శాక్స్ చంకకర్రల సాయమున లేచి నిలిచెను. అడుగు ఎట్లు వేయవలెనో తెలియలేదు. ఆ సమయమున, పడకపై నుండగా తాను పలుమారు వినిన మెండెల్సన్ వయొలిన్ సంగీతము హఠాత్తుగా మనస్సున మ్రోగెను. ఆ లయతోపాటు నడక వచ్చెను, కాలు తనదయ్యెను. పిదప వ్యాయామముచేతను, ఈతచేతను క్రమముగా బలము కలిగెను. ఈ అనుభవమునంతను ఆతడు 1984వ సంవత్సరమున గ్రంథముగా వెలువరించెను. 2015వ సంవత్సరమున మరణించెను.

బాలబాలికలారా! కొండలకు ఒంటరిగా పోవలదు. పోవు త్రోవను ఇంట చెప్పి పొండు. హెచ్చరిక పలకను పరిహాసముగా నెంచకుడు. దెబ్బ తగిలినచో గాయపడిన కాలిని లాగుట, నలుగుట చేయరాదు. కీలునకు పైనను క్రిందను బద్ద ఆనునట్లు కట్టవలయును. వ్రేళ్లు చల్లబడి నీలివర్ణము దాల్చినచో కట్టు బిగువైనదని గ్రహించి వదులు చేయవలయును. ఆలసింపక వైద్యునికడకు చేర్పవలయును.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. కట్టు విప్పిన తరువాత బిడ్డ కుంటుచున్నచో సోమరితనమని గద్దింపకుడు. కాలు తనదివలె లేదని చెప్పినచో నవ్వకుడు. వైద్యుడు చెప్పిన వ్యాయామమును దినదినము దగ్గరనుండి చేయింపుడు. తొలిసారి వాని చేయి పట్టి నడక నేర్పినది మీరే కదా! రెండవసారియు ఆ ఓర్పే వానికి కావలయును.